టీకాల పెట్టెలో ద్రాక్ష గింజలు

మా అత్త ఎస్తేరమ్మతో ఎవరైనా మాటవరసకు ఒక మాటంటే చాలు, దాన్ని స్టాంపు పేపరు మీద రాసిచ్చినట్టు పట్టుకుంటుంది. ఆ గుణం వల్ల ఆరేళ్లు నా నడుము విరిగింది. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నానని అనుకోకండి. ఆ రోజుల్లో నవ్వే ఓపిక నాకెక్కడిది!

మేం పెనుకొండలో అద్దెకుండేవాళ్లం. నేను ఊళ్లు తిరిగి పిల్లలకు టీకాలేసే నర్సును. నా మొగుడు ఏసురత్నం ధర్మవరం రైల్వేలో గ్యాంగ్‌మన్. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం కోడి కూయకముందే పోయేవాడు. మిగతా రోజులన్నీ ఆ ఇంట్లో నేనూ, మా అత్తా, ఆమె మోకాళ్ల నొప్పులూ.

మా చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభు బల్ల ఆరాధన. రొట్టె ముక్క, చిన్న కప్పుల్లో ద్రాక్షరసం అందరికీ ఇస్తారు. ఆ రసం ఇరవై రెండేళ్లుగా మా అత్తే చేసేది. హిందూపురం మార్కెట్టు నుంచి నల్లద్రాక్ష తెప్పించి పిండేది. పళ్లు దొరకని నెలల్లో ఎండుద్రాక్ష ఉడకబెట్టి పిండేది. ఆమెకు చదువు రాదు, పాట అందుకుంటే గొంతు పలకదు, సంఘంలో ఇంకే పెద్దరికమూ లేదు. కానీ గిన్నె మీద తెల్లగుడ్డ కప్పి, దాన్ని బల్ల మీద పెట్టి వెనక్కి వచ్చేటప్పుడు ఆ మనిషి నడకే వేరుగా ఉండేది. ఆ నెలలో ఆమె నిటారుగా నడిచే దూరం అంతే.

తొంభై ఐదు సెప్టెంబరులో ఆ రసం పులిసింది. ముందురోజే పిండి పెట్టింది, ఎండలు చూస్తే ఎండాకాలంలా ఉన్నాయి. గుడ్డ తీయగానే గిన్నె నిండా నురగ. సంఘపెద్ద తిరుపాల్ వంగి వాసన చూసి, అందరూ వింటుండగానే అనేశాడు.

"ఇది రసమా, కల్లా? ఇంగ చాలమ్మా. వచ్చే నెల నుంచి సీసా తెప్పిస్తా."

అక్టోబరులో హిందూపురం నుంచి ద్రాక్ష స్క్వాష్ సీసా వచ్చింది. మా అత్త చర్చి నుంచి వచ్చి అన్నం ముట్టలేదు, మంచం దిగలేదు. ఆ సాయంత్రమే పాస్టరు అయ్యగారు ఓదార్చడానికి ఇంటికొచ్చారు. వచ్చినవాడు ప్రార్థన చేసి పోవచ్చు కదా! ఊరుకోకుండా ఒక మాట అన్నారు.

"బాధపడొద్దమ్మా. మీ ఇంట్లోనే ద్రాక్ష కాస్తే, ఆ పొద్దే పిండి తెస్తే, పులిసే పనేముంది? అప్పుడు మీ చేతి రసమే వాడుకుందాం."

ఆయనకూ తెలుసు, పెనుకొండలో అద్దె ఇంటి ముందు బండలు పరిచిన వాకిట్లో ద్రాక్ష కాయదని. మా అత్త మాత్రం మంచం మీద లేచి కూర్చుంది. "ఆ మాట మీదే ఉండండి అయ్యగారూ," అంది. ఆయన నవ్వి, కాఫీ తాగి వెళ్లిపోయారు.

చివరిసారి పిండిన పళ్ల గింజలను ఆమె పెరటి గోడ మీద ఆరబెట్టి దాచుకుని ఉంది. అవే నాటుతానంది. రేడియోలో రైతుల కార్యక్రమంలో ఎవరో చెప్పారట, ద్రాక్ష గింజ మొలవాలంటే ముందు మూడు నెలలు చలిలో నిద్రపోవాలని.

"ఈ పెనుకొండలో చలి యాడుండాదత్తా?" అన్నాను.

"మీ ఆసుపత్రిలో టీకాల మందు పెట్టే ఐసు పెట్టె ఉండాది కదమ్మే?"

ఒళ్లు మండిపోయింది. ఆ పెట్టెలో టీకాలు తప్ప మంచినీళ్ల సీసా కూడా పెట్టకూడదు. పొద్దునా సాయంత్రం వేడి ఎంతుందో చూసి రిజిస్టరులో రాస్తాం. కుదరదంటే కుదరదన్నాను. ఆ పూట ఆమె అన్నం మానేసింది. మరుసటి రోజూ అన్నం తినలేదు. మూడో రోజు నేనే తడిగుడ్డలో గింజలు మూటగట్టి, మందుల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఐసు పెట్టె అడుగున తోసేశాను. ఎందుకు చేశావంటే ఏం చెప్పను? అలసిపోయినవాళ్లు వాదించలేక చేసే పనులు కొన్నుంటాయి.

జనవరిలో పోలియో చుక్కల రెండో విడత వచ్చింది. అంతకు ముందురోజు మా సూపర్‌వైజరు మందు లెక్క చూస్తూ ఆ డబ్బా తీసింది. మూత తీసి నా వైపు చూసింది.

"ఏమ్మా ఝాన్సీ, ఇదేం కొత్త టీకానా?"

డాక్టరుగారు మెమో ఇచ్చారు. నేను సమాధానం రాశాను, "ద్రాక్ష విత్తనములకు చలి అవసరమైనందున" అని. ఆ ఒక్క ముక్క చదివి ఆసుపత్రంతా పడి పడి నవ్విందట. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. తప్పు నాదే, ఆయన్నేమీ అనను. రోడ్డు పక్క ఊళ్లు నా దగ్గర నుంచి తీసేసి కొండ అవతలి ఊళ్లు ఇచ్చారు. బస్సు దిగాక ఐదు కిలోమీటర్లు నడక, మళ్లీ ఐదు వెనక్కి, భుజాన టీకాల డబ్బా.

ఈ సంగతి మా అత్తకు చెప్పలేదు. మంచితనంతో కాదు. చెబితే ఏడుస్తుంది, ఏడిస్తే అన్నం మానేస్తుంది, మానేస్తే బతిమాలేది మళ్లీ నేనే. అంత ఓపిక లేక చెప్పలేదు. ఊళ్లు మార్చారని మాత్రం చెప్పి, గింజల డబ్బా ఆమె చేతికిచ్చాను.

నలభై గింజలు మట్టి నింపిన డబ్బాల్లో వేసింది. ఐదు మొలిచాయి. రెండింటిని కోళ్లు తిన్నాయి, రెండు ఎండలకు మాడాయి. మిగిలిన ఒక్కదాని కోసం, ఇంటి ఓనరు కాళ్లావేళ్లా పడి, ఏసురత్నం గడ్డపారతో వాకిట్లో ఒక బండ లేపాడు. నాటేసి ఆయన ధర్మవరం పోయాడు. నీళ్లు నా నెత్తిన పడ్డాయి.

వీధి కుళాయికి దినం విడిచి దినం నీళ్లొచ్చేవి. కొండ ఊళ్లన్నీ తిరిగి కాళ్లీడ్చుకుంటూ వచ్చేసరికి మా అత్త వాకిట్లో కూర్చుని ఉండేది.

"వచ్చినావామ్మే? తీగ వాడిపోయుండాది చూడు."

"నేను వాడిపోయింది కనపళ్లేదా నీకు?"

"నువ్వు మనిషివి, అడిగి తాగుతావు. దానికి నోరుండాదా?"

ఇంకేం మాట్లాడతాం! కడవ తీసుకుని పోయేదాన్ని. వంటకు రెండు కడవలైతే తీగకు మూడు. ఇట్లా ఒక ఏడు కాదు, రెండేళ్లు కాదు. నీలగిరి కట్టెలు పాతి పందిరి వేశాం. తీగ పందిరంతా పాకి గోడెక్కింది, పక్కింటి వాళ్ల బట్టల దండెం మీదికీ పోయింది. ఆకులైతే పళ్లెమంత. పువ్వు మాత్రం ఒక్కటి లేదు. వీధిలో ఆడవాళ్లు కుళాయి దగ్గర నన్ను చూసి, "ద్రాక్షలు ఎప్పుడు పంచుతాండావు ఝాన్సమ్మా?" అనేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. లోపల తల ప్రాణం తోకకొచ్చేది.

ప్రతి నెలా మొదటి ఆదివారం మా అత్త అందరిలాగే వెళ్లి ఆ స్క్వాష్ తాగి వచ్చేది. మూతి తుడుచుకుంటూ ఒక్క మాటే అనేది: "చెక్కెర నీళ్లు."

రెండువేల ఒకటి అక్టోబరులో ఏసురత్నం రైల్లో పరిచయమైన మనిషినొకణ్ని వెంటబెట్టుకొచ్చాడు. ఉలిగప్ప అని, అమరాపురం వాడు. హిందూపురం చుట్టుపక్కల ద్రాక్ష తోటల్లో కొమ్మలు కత్తిరించే పని. పందిరి కింద నిలబడి పైకి చూసి తల పట్టుకున్నాడు.

"ఏమక్కా, ఇన్నేండ్లలో ఒక్క తూరి కూడా కత్తెర పెట్టలేదా?"

"పచ్చని తీగను కోస్తారా యాడన్నా?" అంది మా అత్త.

"కోయకపోతే ద్రాక్షి ఆకే వేస్తాదవ్వా, కాయ వేయదు."

సంచిలో నుంచి కత్తెర తీసి గంటలో తీగనంతా మొండి చేశాడు. మా అత్త తల బాదుకుంది. ఆరేళ్ల నా కడవల నీళ్లు వాకిట్లో కుప్పగా పడి ఉన్నాయి. పోతూ పోతూ ఉలిగప్ప ఇంకో సంగతి అడిగాడు, కొమ్మ యాడ తెచ్చి నాటినారని. గింజ వేశామని చెప్పాను. కత్తెర సంచిలో వేసుకోబోతున్నవాడు ఆగిపోయాడు.

"కొమ్మ నాటితే తల్లి మాదిరే వస్తాదక్కా. ఇత్తనం తల్లి మాట వినదు. తీపి వస్తాదో, అడివి కాయ వస్తాదో చెప్పలేం. ముందే అడిగుంటే చెప్పేవాణ్ని కదా."

ముందే ఎవరిని అడగాలి? మాకు తెలిసిందల్లా రేడియో.

ఉలిగప్ప చెప్పినట్టే మొండి కొమ్మలు చిగురించాయి, చిగురుతో పాటు పువ్వూ వచ్చింది. మార్చి నెలాఖరుకు పదకొండు గుత్తులు నల్లబడ్డాయి. కాకులు పడతాయని మా అత్త పగలంతా పందిరి కిందే మంచం వేసుకుంది. ఏప్రిల్ మొదటి ఆదివారం ఇంకా తెల్లారక ముందే నన్ను లేపింది. ఇద్దరం గుత్తులు కోశాం, కడిగాం. కొత్త గుడ్డలో వేసి ఆమె పిండుతుంటే గిన్నెలోకి నల్లగా, చిక్కగా దిగింది. వేలితో ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. మొహం ముడుచుకుపోయింది. నన్నూ చూడమంది.

అందని ద్రాక్షపళ్లు పుల్లన అని సామెత. మాకు అందినవే పుల్లన. చింతపండు దీని ముందు బెల్లం.

మా అత్త గిన్నె పక్కకు జరిపింది. "ఇది బల్లకు పనికిరాదమ్మే. పారబోసెయ్," అంది. ఏడవలేదు. కోపమూ లేదు. అంత మెత్తగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు నాకు అంత కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఆరేళ్లుగా ఆ తీగను తిట్టినదాన్ని నేనే.

"పారబోయాలా? ఏమి చెప్తాండావత్తా? ఈ గింజలు ఐసు పెట్టెలో పెట్టినందుకు నాకు మెమో ఇచ్చినారు. ఊర్లు ఊరికే మార్చినారనుకుంటివా? ఆరేండ్ల నుంచి కొండలెక్కి దిగుతాండా దీనికోసం. ఇంటికొచ్చి కడవలు మోస్తాండా. పారబోస్తే నన్ను కూడా పారబోసినట్లే!"

అనేశాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె నన్ను చాలాసేపు చూసింది. నా కాళ్ల వైపు చూసింది, పగిలిన మడమల వైపు. తర్వాత లేచి, పెట్టెలో నుంచి తెల్లగుడ్డ తీసి గిన్నె మీద కప్పింది. "పద," అంది.

చర్చిలో అయ్యగారికి తన మాటే గుర్తులేదు. ఏ మాట అని అడిగారు. మా అత్త చెప్పింది, తొంభై ఐదు అక్టోబరు, ఆదివారం, కాఫీ తాగుతూ అన్నారని. ఆయన మొహం చిన్నబోయింది. తిరుపాల్ చేతిలోని సీసా పక్కన పెట్టించి, గిన్నె అందుకున్నారు.

వరసలో ఒక్కొక్కరే కప్పెత్తారు. ఒక్కొక్కరికీ కన్ను మూతపడింది, భుజాలు పైకి లేచాయి. పైకి ఒక్కరూ కిక్కురుమనలేదు. మా అత్త చివర్లో తన కప్పు నిదానంగా, గుక్క తిప్పుకోకుండా తాగింది.

బయట వరండాలో తిరుపాల్ పట్టుకున్నాడు. "ఎస్తేరమ్మా, రోంత చెక్కెరన్నా వేయకూడదా? నోట్లో పండ్లు జివ్వుమన్యాయి."

"సిలువ మీద దప్పికంటే మన ప్రభువు నోటికి పెట్టింది పులుపా, చెక్కెర నీళ్లా తిరుపాలన్నా?"

తిరుపాల్ చంకలో సీసా సర్దుకున్నాడు. వెనకాల అయ్యగారు తల వంచుకుని, కాసినన్నాళ్లూ ఈ రసమే పెడదాం అన్నారు. మా అత్త చెప్పులు వేసుకుని గేటు దాకా నడిచింది. నిటారుగా.

ఇంటికొచ్చి నేను మంచం మీద ఒరిగాను. మూడేళ్లకో నాలుగేళ్లకో దొరికినట్టుంది ఆ తీరిక. కళ్లు తెరిచేసరికి ఆమె వాకిట్లో కూర్చుని, పిండేసిన పిప్పిలో నుంచి గింజలు ఏరుతోంది.

"మళ్లీ ఏందత్తా ఇది?"

"ఇత్తనం తల్లి మాట వినదన్యాడు కదమ్మే ఆ ఉలిగప్ప. ఈ పులుపుకు పుట్టినవి దీని మాట మాత్రం యాల వింటాయి? ఒక్కటన్నా తీపి రాకుండా పోతాదా?"

ఆమె గింజలను తడిగుడ్డలో మూటగట్టింది.

"నీ ఆసుపత్రి పెట్టె జోలికి రానులే. తిరుపాలన్న ఇంట్లో ఫ్రిజ్జు ఉండాది. గేటు కాడ అడిగినా. ఆ సీసా పక్కనే పెట్టుకోమన్యాడు."

అప్పటికి ఆమెకు అరవై ఎనిమిది. మూడు నెలలు చలి, ఆపైన ఆరేళ్లు. నీళ్లెవరు మోస్తారని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ రోజు కుళాయి వచ్చే రోజు. లేచి, కడవ తీసుకుని పోయాను.