అంచుకు పూసిన జిగురు

ఆయన స్పీకర్లు బాగుచేసే మనిషి. ఆయన భార్య ఒక బృందంలో గిటార్ వాయిస్తుంది. ఆవిడ యాంప్లిఫయర్ పెళ్లికి ముందు కొనుక్కున్నది, అందులో స్పీకర్ కూడా మొదట్నుంచీ అదే. పైస్వరాలకు వెళ్తే చాలు, చెవిలో సూది దించినట్టు కీచుమనేది.

"దీని కీచుతో చస్తున్నానండీ" అని ఆవిడ విసుక్కోని రోజు లేదు.

ఆ కీచుకు విరుగుడు ఆయనకు రోజూ చేసే పనే. స్పీకర్‌లో అదిరి మోగే కాగితం చుట్టూ మడతలుగా ఉండే అంచుకు, ఎప్పటికీ పూర్తిగా ఎండని ఒక జిగురు పల్చగా పూస్తే, అక్కడి అదురు అణిగి శబ్దం నునుపవుతుంది. ఆవిడ చెల్లెలింటికి వెళ్లినప్పుడు, తిరిగొచ్చి ఆశ్చర్యపోతుందని ముచ్చటపడి పూశాడు.

కాగితం పాతది. ఏళ్ల తరబడి మోగి మోగి దూదిలా మెత్తబడి ఉంది. జిగురు అంచు దగ్గర ఆగలేదు. ఆయన చూస్తుండగానే నల్లటి చెమ్మ లోపలికి పాకింది. గుడ్డతో అద్దినకొద్దీ ఇంకా ఇంకింది.

ఆవిడ వచ్చి తీగ మీటింది. ఆగి మళ్లీ మీటింది.

"దీనికి దుప్పటి కప్పారా ఏంటి?"

ఆయన జరిగింది చెప్పాడు. "కీచు పోయిందిగా" అన్నాడు చివర్లో, నీళ్లు నములుతూ.

"విసుక్కుంటే తీసేయమనా అర్థం? మిమ్మల్నీ రోజూ విసుక్కుంటాగా!"

ఆయన నవ్వబోయాడు. ఆవిడ మొహంలో నవ్వు లేదు.

జిగురు కరిగించే మందు వేసి చూశాడు. కాగితం బొబ్బలెక్కింది. అదే రకం స్పీకర్ కొత్తది తెచ్చి బిగించాడు. ఇంకా మోగి మెత్తబడని కాగితం కదా, కొత్త చెప్పులా బిర్రుగా పలికింది. పెద్ద అయస్కాంతం ఉన్నది ఇంకొకటి పెట్టాడు. కిందిస్వరాలు గుండెకు తగిలాయి గానీ, పైస్వరం సాగదీస్తే ఊరికే తెగిపోయింది. ప్రతిదానికీ ఆవిడ "బాగుందండీ" అంది, ఇంటికొచ్చిన చుట్టాలతో మాట్లాడినట్టు. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

"ఇంక వదిలేయండి. మీరు మాత్రం ఏం చేస్తారు?" అందొకరోజు, గిటార్ తుడుచుకుంటూ.

ఆ వారాంతం కచేరీకి ఆ పెద్ద అయస్కాంతం స్పీకర్‌తోనే వెళ్లింది. ఆయన వెనక వరసలో కూర్చున్నాడు. జనం ఈలలేశారు. పక్కన కూర్చున్నతను "ఇరగదీస్తున్నారు!" అంటూ ఆయన తొడమీద చరిచాడు. ఆవిడ ఒంటరిగా వాయించాల్సిన చోటు వచ్చింది. ఎప్పుడూ ఆ చోట వేదిక అంచుదాకా నడిచొచ్చేది. ఇప్పుడు రెండు స్వరాలు మీటి, తల వంచి విని, ఒకడుగు వెనక్కి వేసింది. కీబోర్డు అతనికి కళ్లతోనే సైగ చేసింది, నువ్వు అందుకో అని.

అతను అందుకున్నాడు. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.