ఫోనులో మొగుడి గొంతు

చేపలకి పొలుసు గీస్తుంటే గూట్లోంచి నా ఫోను మా ఆయన గొంతుతో అరిచింది. "ఫ్లోరెన్సూ, అమ్మకి కాళ్లు పట్టు. బేగి. బుర్రుందా నీకు?" డేనియల్ ఆ వేళకి కాశీబుగ్గ బజారులో తన కొట్లో ఉంటాడు. మనిషి లేకపోయినా మాట ఇంట్లోనే కాపురం ఉంటుంది. నేను నొక్కి ఆపేదాకా ఆగదు.

ఆటో బోల్తాపడి తలకి దెబ్బ తగిలాక, చేస్తున్న పని మధ్యలోనే మర్చిపోయేదాన్ని. విశాఖపట్నం ఆసుపత్రిలో మళ్లీ నడకా మాటా నేర్పి ఇంటికి పంపేటప్పుడు అక్కడి థెరపిస్టు భాగ్యశ్రీ, ఏ వేళకి ఏ పనో ఫోనే గుర్తుచేసేలా ఈ ఏర్పాటు చేసింది. అలవాటైన గొంతయితే మేలని డేనియల్ చేతే పలికించింది. మాత్ర వేసుకో, పొయ్యి కట్టెయ్యి, శనగలు ఏరు. శనగలు నా వేళ్ల కోసం. వేళ్లు చురుకైతే మళ్లీ జీడిపప్పు కార్ఖానాకి వెళ్లి గుండు పప్పులూ విరిగిన బద్దలూ వేరుచేసి ఏరగలను. నాకు కావలసింది అదొక్కటే.

ఇంటికొచ్చాక ఫోనులో మాటలు పెరిగాయి. అమ్మకి నీళ్లు కాయి, నా చొక్కా ఇస్త్రీ చెయ్యి. ఒకరోజు చూస్తే ఫోనులో శనగల మాట లేదు. అడిగితే, "పప్పులో రాళ్లు ఏరతన్నావు కదా, మళ్లీ సెనగలేటి?" అన్నాడు. ఆ మాట నా గొంతుతో నేనే పెట్టుకున్నాను. అదీ తీసేశాడు. "రెండు గొంతులుంటే నీకు తికమకైపోద్ది" అన్నాడు. మా అత్త పాపమ్మయితే మురిసిపోయింది. "ఇదివరకు పదిసార్లు సెప్పాలి. దెబ్బ తగిలాక బాగుపడింది." ఒళ్లు మండింది. నా తల పగలడం వీళ్లకి కలిసొచ్చింది.

ఆదివారం చర్చిలో డేనియల్ సాక్ష్యం చెప్పడానికి లేచాడు. అక్కడ ఆయన తెలుగే మారిపోతుంది. "నా భార్యను పసిబిడ్డవలె చూసుకొనుచున్నాను. ప్రభువు నన్నే ఆమెకు జ్ఞాపకముగా నియమించెను." అందరూ స్తోత్రం అన్నారు. ముందు కూర్చున్నావిడ వెనక్కి తిరిగి, "అదురుట్టవంతురాలివమ్మా" అంది.

అప్పుడే నా సంచిలోంచి వినబడింది. "ఫ్లోరెన్సూ, అమ్మకి కాళ్లు పట్టు. బేగి. బుర్రుందా నీకు?"

తలలన్నీ నా సంచి వైపు తిరిగాయి. ఫోను మళ్లీ అంది. మళ్లీ అంది. ఎదురుగా ఒక డేనియల్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు, సంచిలో ఇంకో డేనియల్ వాగుతూనే ఉన్నాడు. అత్త నా మోచెయ్యి గిల్లింది.

"పెతీ వారం గుమ్మం కాడే ఆపేత్తావు కదే. ఇయాల మర్సిపోనావా?"

సంచి మూతి ఇంకాస్త తెరిచి పెట్టాను.

"నేదత్తా, బాగా గుర్తుంది" అన్నాను, మగవాళ్ల వరుస దాకా వినబడేలా. "నా సెనగల మాట ఫోన్లో నా గొంతుతోనే ఉంటాదని నీ కొడుకుని ఇక్కడే సాచ్చెం సెప్పమను. అప్పుడాపుతాను."