చంద్రమ్మ ఒప్పుకున్న కొక్కెం

పాల్మాకుల సత్తయ్యకు రెండు విషయాల్లో తిరుగులేదు. ఒకటి ట్రాక్టరు తోలడం. రెండోది, ట్రాక్టరు గురించి తనకు తెలియనిది లేదని నమ్మడం. ఆయన భార్య చంద్రమ్మకు మాత్రం ఒక్కటే నియమం: మొగుడు లాగే బండి ఎక్కకూడదు. బస్సెక్కుతుంది, ఆటో ఎక్కుతుంది, అవసరం పడితే పక్కింటి గోపయ్య స్కూటరైనా ఎక్కుతుంది. సత్తయ్య వెనక ఏదైనా తగిలించుకుని వచ్చాడా, ఇక అంతే, చెప్పులేసుకుని నడక మొదలుపెడుతుంది. ముప్పై ఏళ్లుగా పొలానికి నడిచే పోతోంది.

అలాంటి మనిషి కోసం సత్తయ్య కారవాన్ కొన్నాడు. హిమాయత్ సాగర్ దగ్గర ఫామ్‌హౌస్ ఉన్న ఆసామి ఒకాయన మోజు తీరి అమ్మేస్తుంటే పట్టుకొచ్చాడు. జీపు వెనక తగిలించుకుని పోయే చక్రాల ఇల్లు అది. లోపల మంచం, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ ఉన్నాయి. చంద్రమ్మకు నడుంనొప్పి. రెండు గంటలకోసారి నడుం వాల్చకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. టీవీలో అలలు కనబడితే మాత్రం చేతిలో పని ఆపేస్తుంది. ఆమెను సూర్యలంక బీచికి తీసుకుపోవాలని సత్తయ్య ఆశ. బొలెరో ఉంది, కారవాన్ ఉంది. రెంటినీ కలిపే కొక్కెం కావాలి. అంతకంటే ముందు చంద్రమ్మ సరే అనాలి.

"కొక్కెం సూసినంక చెప్త," అందామె. సత్తయ్యకు అదే పదివేలు.

విమానాశ్రయం సర్వీసు రోడ్డు మీద రాఘవేందర్‌కు వెల్డింగ్ షాపుంది. విమానం నెత్తిమీదుగా దిగినప్పుడల్లా అక్కడ బేరాలు ఆగుతాయి, అది పోయాక ఆగిన మాట దగ్గరే మళ్లీ అందుకుంటాయి. కారవాన్‌ను రాఘవేందర్ ముందురోజే తెప్పించి పెట్టుకున్నాడు. బొలెరో వెనక ఇంకా ఏమీ లేదు కాబట్టి చంద్రమ్మ పేచీ పెట్టకుండా ఎక్కి వచ్చింది.

సత్తయ్య నేరుగా ఒక మూలకు పోయి, మణికట్టంత లావున్న ట్రాక్టరు పిన్ను ఎత్తి చూపించాడు. "గిది పెట్టు. ఏనుగు గుంజినా ఊడదు."

రాఘవేందర్ నవ్వి, నున్నగా మెరుస్తున్న ఇనుప గుండు ఒకటి బల్ల మీద పెట్టాడు. "ఇది గావాలె కాకా. పిన్ను బొక్కల వదులుగ ఆడుతది. ట్రాక్టరు మెల్లగ పోతది గనుక నడుస్తది. జీపుకు పెడితే బ్రేకు కొట్టినప్పుడల్ల ఎనకకెల్లి గుద్దుతది. బండి మూతికున్న కప్పు గిన్నె బోర్లించినట్టు గుండు మీద అచ్చంగ కూసుంటది. ఎటు మలుపుతే అటు తిరుగుతది."

"బత్తాయంత లేదు, ఇది బండిని గుంజుతదా?"

"బలుపు సూడొద్దు కాకా, కొలత సూడాలె. కప్పుకు తగ్గ గుండే పెట్టాలె, ఎంట్రుకంత తేడా రావద్దు."

సత్తయ్యకు రోషం వచ్చింది. నిన్నగాక మొన్న వెల్డింగ్ నేర్చినవాడు తనకు కొక్కేల గురించి చెబుతాడా! "నీకెర్కలేదు. ఎన్కట మైసిగండి మైసమ్మకు మేకలిచ్చి దేవర జెయ్యను ట్రాలీల పోయినం. పిన్ను సన్నగుండె, ఊడింది. గా పిన్నే మోసం జేసింది."

"పిన్ను కాదు," అంది చంద్రమ్మ.

పాత టైరు మీద కూర్చున్న ఆమె గొంతు పెంచలేదు. "పిన్ను కింద పెట్టే క్లిప్పు పోతే వేపపుల్ల ఇరిచి పెట్టిండు బిడ్డా. పుల్ల ఇరిగింది, పిన్ను ఎగిరింది, ట్రాలీ ముందుకు కూలవడ్డది. పద్నాలుగు మందిమి, రెండు మేకలు, ఒకలమీద ఒకలం. సంకల మా బిడ్డ సంతోషి, ఏడాది పిల్ల. నేను గొంతు పోయేటట్టు ఒర్రిన. ఈయన పాట పాడుకుంట కందుకూరు దాక పోయిండు. ఛాయ్ తాగనికి దిగినంక సూసుకున్నడు, ఎనక ట్రాలీ లేదని."

రాఘవేందర్‌కు నవ్వు తన్నుకొచ్చింది. సత్తయ్య ముఖం చూసి మింగేశాడు. ఊళ్లో సత్తయ్య వందసార్లు నవ్వుతూ చెప్పిన కథే అది, కానీ ఎప్పుడూ పిన్ను దగ్గరే ఆపేసేవాడు. వెనక భార్య అరిచిందా అని ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు, ఆమే చెప్పలేదు. సిగ్గుతో ఆయన తల దించుకున్నాడు.

"తప్పు నాదే," అన్నాడు. "ఎనకకు తిరిగి సూడలె."

చంద్రమ్మ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. "బిడ్డా, గీ గుండు ఊడితే ఏమైతది?"

"ఊడదు చిన్నమ్మా."

"ఈయన గూడ గట్లనే అన్నడు. ఊడితే?"

రాఘవేందర్ మొదటిసారి ఆమె వైపు శ్రద్ధగా చూశాడు. "రెండు గొలుసులు కత్తెర తీరు కింద కడ్త. గుండు ఊడినా మూతి రోడ్డు మీద పడదు. గొలుసులు గూడ తెగితే, ఇగో గీ సన్న తీగె బండి బ్రేకును గుంజుతది. బండి తనంతట తానే ఆగుతది."

"ముందటోనికి ఎర్క లేకున్నా?"

"ఎర్క లేకున్నా."

ఆమె ఆ తీగెను వేళ్ల మధ్య పెట్టి గట్టిగా లాగి చూసింది. "గుండే పెట్టు. ఇది మాత్రం మర్వకు."

సాయంత్రానికి బిగింపు అయిపోయింది. సత్తయ్య కొక్కెం తాళం లాగి చూశాడు, గొలుసులు లాగి చూశాడు, తీగె ముట్టి చూశాడు, మళ్లీ మొదటి నుంచీ చూశాడు. తర్వాత బొలెరో ఎక్కి, పక్క సీటు వైపు కళ్లెత్తే ధైర్యం లేక స్టీరింగు పట్టుకు కూర్చున్నాడు. అవతలి తలుపు తెరుచుకుంది. చంద్రమ్మ ముందు నడుంనొప్పి దిండు లోపల పడేసి, వెనకే తనూ ఎక్కింది.

సర్వీసు రోడ్డు మీద బండి కదిలింది. సత్తయ్య అరకన్ను రోడ్డు మీద, ఒకటిన్నర కన్ను అద్దంలో పెట్టి తోలుతున్నాడు. స్పీడ్‌బ్రేకరు కనబడనే లేదు. ఇద్దరూ ఎగిరిపడ్డారు. కారవాన్ మాత్రం బుద్ధిగా వెనకే వచ్చింది.

చంద్రమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి తన వైపు అద్దాన్ని తనకు కనబడేలా తిప్పుకుంది.

"నువ్వు ముందట సూడయ్యా. ఎనక నేను సూస్త," అంది. "సముద్రం దాక ఎన్ని గంటలు పడ్తది?"