పడవ చెక్క మందిరం

సముద్రం పేరు టీవీలో తప్ప వినిపించని చోట పడవను బాగుచేయడమేమిటని మల్లాపూర్ జనం మొదట్లో తెగ నవ్వుకున్నారు. ఘట్‌కేసర్ అవతల ఎవరో ఆసామి రిసార్టు కడుతున్నాడట. వచ్చినవాళ్ళను నిజమైన చేపల పడవలో కూర్చోబెట్టి భోజనం పెట్టాలని ఆయనకు ముచ్చట. డబ్బున్నవాడి ముచ్చటకు అడ్డెవరు? కాకినాడ వైపు నుంచి ఒక ముసలి పడవ లారీ ఎక్కి వచ్చి, మల్లాపూర్‌లో చెక్కపనీ, మేకుల అమ్మకమూ చేసే గిరిప్రసాద్ షెడ్డు ముందు దిగింది. పడవలో బల్లలు పట్టాలి కాబట్టి గిరిప్రసాద్ దాని కడుపులోని పలకలూ, పక్కటెముకల్లాంటి వంపు కర్రలూ ఊడదీసి గోడవారగా కుప్పపోశాడు. ఆ కుప్ప ఏ హోటలు పొయ్యిలోకో పోవలసిందే. ఈలోగా ప్రవీణ కంట పడింది.

నాచారంలో వడ్రంగి వడ్ల పెంటయ్య అంటే తెలియనివాళ్ళు తక్కువ. ఆయన కూతురే ప్రవీణ. మేకులు కొనడానికి వచ్చిన మనిషి కాస్తా మేకుల సంగతి మరిచిపోయి కుప్ప ముందు చతికిలబడింది.

"గిరన్నా, గింత మంచి టేకు, గిట్ల పారేసినవేంది?"

"కావాల్నా? మొత్తం తీస్కపో చెల్లే. నాకు జాగన్న ఖాళీ అయితది."

ఇంకేముంది! ప్రవీణకు ఆ రోజు అన్నం సహించలేదు. ఒళ్ళు బాగాలేక కాదు, ఆత్రం కొద్దీ. పలకల్లో పుస్తకాల అలమర కనిపించింది. విరిగిన తెడ్డులో చొక్కాలు తగిలించుకునే కొయ్య కనిపించింది. గుండ్రటి కొయ్యముక్కలో గోడ గడియారం కనిపించింది. వంపు కర్రలు మాత్రం దేనికో తెలియలేదు. అందుకే వాటిమీదే ప్రాణమంతా. ట్రాలీ ఆటోలో వెనక చెక్క మీదే కూర్చుని నాచారం దాకా వచ్చింది.

ఇంట్లో ఆ మధ్య ఒక పేచీ నడుస్తోంది. పెంటయ్యకు మోకాళ్ళు పోయాయి. ఆయన వడ్రంగం షెడ్డును కొరియర్ గోదాముకు ఇచ్చేద్దామని కొడుకు వీరేందర్ పట్టు. ఆరేళ్ళు కిచెన్ కంపెనీలో కంప్యూటర్ ముందు అలమరల బొమ్మలు గీసీ గీసీ విసుగెత్తి మానేసిన ప్రవీణేమో షెడ్డు తనకు కావాలంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వీరేందర్ వెక్కిరించాడు. చివరికి పెంటయ్య తీర్పు చెప్పాడు.

"ఒక్క పని నువ్వే జెయ్యి బిడ్డా. నా సలహ ఉండొద్దు, నా చెయ్యి పడొద్దు. అడిగినోళ్లు మెచ్చి ఇంటికి తీస్కపోతె షెడ్డు నీది. లేదంటె మీ అన్న చెప్పినట్టే."

ఆ ఒక్క పనీ దొరికింది. ఉప్పల్‌లో కొత్త ఫ్లాట్ కొనుక్కున్న హరిత దేవుడి మందిరం అడిగింది. మాఘమాసం, శుక్రవారం గృహప్రవేశం. అప్పటిదాకా అర్థంకాని వంపు కర్రలు ఆ క్షణంలో ప్రవీణకు అర్థమయ్యాయి. రెండు వంపు కర్రలను బోర్లించి, ఒకటి ముందూ ఒకటి వెనకా నిలబెడితే గుడి కమాను! మధ్యలో పలకలు పరిస్తే గోపురం! బొమ్మ గీసి పంపితే హరిత గంతేసినంత పని చేసింది.

పదకొండు రోజులు ప్రవీణ నేలమీద నడవలేదనాలి. చిత్రిక పడుతుంటే నల్లటి పైపొర లేచి, లోపలి నుంచి తేనెరంగు చెక్క బయటపడేది. అది చూసినప్పుడల్లా అటుగా పోయేవాళ్ళను కేకేసి మరీ చూపించేది. రాగి మేకులు ఊడిన చోట చిన్న చిన్న పచ్చటి మచ్చలున్నాయి. వాటిని పూడ్చకుండా వదిలేసింది. అలా వదిలేస్తే ముగ్గు చుక్కల్లా ఉన్నాయని పొంగిపోయింది. పెంటయ్య కుర్చీ వేసుకుని కూర్చుని చూసేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. నోరు నొక్కుకోవడం ఆయనకు రంపం లాగడం కంటే కష్టంగా ఉన్నట్టుండేది.

బుధవారం పొద్దున పని పూర్తయింది. పెంటయ్యకు ఒక ఆచారముంది. తన షెడ్డులో తయారైన మందిరంలో తానే మొదటి దీపం పెట్టనిదే గడప దాటనివ్వడు. ఆ రోజూ స్నానం చేసి వచ్చి, ప్రమిద వెలిగించి, మందిరం లోపల పెట్టి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు.

"గింత పొద్దుగాల్ల ఎవలింట్ల చాపలు వండుతున్నరు?"

ప్రవీణ గాలి పీల్చింది. నిజమే, చేపల వాసన. వీధిలోకి వెళ్ళి చూసింది, అక్కడ లేదు. లోపలికి వచ్చింది, ఉంది. మందిరం దగ్గరికి వచ్చేసరికి గుప్పుమంది. దీపం వేడికి కమాను లోపలి పలక చెమర్చి, నూనె చుక్కలు మెరుస్తున్నాయి. ప్రవీణ గుడ్డతో తుడిచింది, మళ్ళీ చెమర్చింది.

చలికాలమంతా చెక్క చల్లగా ఉండి గుట్టు దాచుకుంది. పడవకు చేపల వాసన ఉంటుందని తెలిసినా, చిత్రిక పడితే పోతుందనుకుంది ఆ పిల్ల. సముద్రం చూసిన వడ్రంగి అయితే ఆ పొరపాటు చేయడు. ఈలోగా వెనకింటి గండుపిల్లి వచ్చి మందిరం ముందు బుద్ధిగా కూర్చుంది. దాని వెనకే మరో రెండు వచ్చాయి. ముగ్గురు భక్తులూ రెప్ప వేయకుండా గర్భగుడి వైపే చూస్తున్నారు.

నిమ్మకాయ రుద్దింది. సబ్బుతో తోమింది. సాంబ్రాణి వేస్తే, సాంబ్రాణి వేసిన చేపల కూర వాసన వచ్చింది. ఎండలో పెడితే మరింత నూనె కక్కింది. మధ్యాహ్నానికి ప్రవీణ మొహం వాడిపోయింది. వీరేందర్ మాత్రం చాలా రోజుల తర్వాత హుషారుగా కనిపించాడు. అలాగని చెల్లెలంటే పడదని కాదు. మొహం చూసి జాలిపడి ఒక ఉపాయం కూడా చెప్పాడు.

"రెండు కోట్లు పాలిష్ గొట్టు, సెంటు జల్లు. శుక్రారం దాటినంక వాళ్ల ఇల్లు, వాళ్ల ముక్కు. నీ షెడ్డు నీకొస్తది, ఫికర్ జెయ్యకు."

ప్రవీణకు ఒక్క క్షణం ఆశ కలిగింది. అబద్ధమెందుకు, డబ్బా మూత కూడా తీసింది. మరుక్షణమే తనమీద తనకు రోత పుట్టింది. మూత పెట్టేసి హరితకు ఫోన్ చేసింది.

"అక్కా, మందిరం అయింది. గని నాతోని తప్పయింది. దీపం పెడితె చాపల వాసనొస్తుంది. దాస్తె నాకు నిద్ర పట్టది. వచ్చి సూడున్రి. వద్దంటె వద్దు."

గంట తిరక్కుండా ఆటో దిగారు. హరిత వెంట ఆమె అత్తగారు కనకమహాలక్ష్మి కూడా ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి, మెట్లు ఎక్కేటప్పుడు మాత్రమే ఆ వయసు కనిపిస్తుంది. ఎవరినీ పలకరించకుండా నేరుగా మందిరం దగ్గరికి వెళ్ళి, కమాను లోపలికి తల దూర్చి, గట్టిగా గాలి పీల్చింది. ప్రవీణ చీవాట్లకు సిద్ధపడి నిలబడింది.

"సొరచేప నూనె!" అని అరిచింది ఆవిడ, జాతరలో తప్పిపోయిన మేనకోడలు కనిపించినట్టు. "ఒసే హరితా, సొరచేప నూనె! మాది ఉప్పాడ అమ్మాయ్. మా నాన్నకి నాలుగు పడవలుండేవి. పురుగు పట్టకుండా ఏడాదికి రెండుసార్లు ఈ నూనె పూసేవాళ్ళు. ముప్పై ఏళ్ళు తాగిన చెక్కని నువ్వు సబ్బు పెట్టి కడిగేద్దామనుకున్నావా, పిచ్చిదానా?"

ప్రవీణకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. "అయితె తీస్కపోతరా అమ్మా?"

"పూజ గదిలోకా? ససేమిరా! నాకు ఇష్టమే, దేవుడికీ అభ్యంతరం ఉండదనుకో. మావాడు ముక్కు మూసుకుని దణ్ణం పెట్టుకోవాలి, పంతులుగారు మంత్రం మధ్యలో లేచిపోతారు. వద్దమ్మా."

వీరేందర్ జేబులోంచి ఫోన్ తీశాడు, గోదాము మనిషికి చెయ్యడానికి. పెంటయ్య తల వంచుకున్నాడు. ప్రవీణకు ఏడుపొచ్చింది. పదకొండు రోజుల సంబరం పిల్లుల పాలయింది.

కనకమహాలక్ష్మికి మాత్రం చెయ్యి వదలబుద్ధి కావడం లేదు. వంపు కర్రను నిమురుతూనే ఉంది. "ఎంత బాగా నిలబెట్టావే! పడవలో ఉన్నప్పుడు ఈ వంపు కిందికి ఉంటుంది. అల వచ్చినప్పుడల్లా ఇటూ అటూ..." అంటూ తెలియకుండానే పక్కలకు ఊగింది.

ప్రవీణ ఏడుపు ఎటు పోయిందో పోయింది.

"అన్నా! ఆ ఫోను పక్కకు వెట్టు. జర ఒక చెయ్యెయ్యి!"

"ఏమైందే?"

"పట్టు అంటున్న గదా! తలకిందులు జెయ్యాలె!"

ఇద్దరూ కలిసి మందిరాన్ని తలకిందులు చేశారు. కమాను కిందికి వచ్చింది. ఆ వంపుల మీద అది ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఊగి నిలబడింది. ప్రవీణ స్క్రూలు విప్పుతోంది, మాట్లాడుతోంది, నవ్వుతోంది. ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదు. అడుగున ఉన్న పీట పైకి వచ్చింది కదా, దాన్ని ఊడదీసి రెండు వంపుల మధ్య కిందికి దించి బిగించింది. వెనక పలక వీపుకు ఆనుకునే పలక అయింది. కమాను కాళ్ళు రెండు పక్కలా చేతులు వేసుకోవడానికి లేచి ఉన్నాయి. అరగంటలో గుడి పోయి కుర్చీ వచ్చింది.

"కూసోండ్రి అమ్మా. ముందుకు ఊగది, పక్కలకు ఊగుతది. పడవోలె."

కనకమహాలక్ష్మి జాగ్రత్తగా కూర్చుంది. ఒకసారి బరువు పక్కకు వేసింది. కుర్చీ ఊగింది. రెండోసారి ఊగింది. ఆవిడ పెద్దగా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "అరవై ఏళ్ళయిందే అమ్మాయ్, అరవై ఏళ్ళయింది," అంది. "మాది ఆరో అంతస్తు. బాల్కనీలో వేసుకుంటా. వాసన సగం గాలికి పోతుంది, మిగతా సగం నాకే కావాలి. పిల్లులు అంత పైకి రాలేవు."

"మరి మందిరం అత్తయ్యా? ఎల్లుండే కదా!" అంది హరిత.

"రేపు సాయంత్రానికి మంచి టేకుతోని జేసిస్త అక్కా, సాదాగ. నా పూచీ," అంది ప్రవీణ. అనేశాక గానీ తనేమన్నదో తనకు తెలియలేదు.

కుర్చీని ట్రాలీ ఎక్కించి, వాళ్ళు ఉప్పల్ వైపు వెళ్ళిపోయారు. షెడ్డులో ముగ్గురూ మిగిలారు. వీరేందర్ గొంతు సవరించుకున్నాడు.

"నాయినా, మాట మాటే. వాళ్లు అడిగింది మందిరం, తీస్కపోయింది కుర్చి. లెక్క కుదరలే."

ప్రవీణ లెక్క చూసుకుంది. అన్న చెప్పినదాంట్లో తప్పు లేదు. మాట ప్రకారం తను ఓడిపోయినట్టే. అయినా రేపటి మందిరం రేపు చెయ్యాలి కదా అని నేలమీది స్క్రూలు ఏరసాగింది.

పెంటయ్య కుర్చీ వెనక్కి జరిపాడు. మోకాళ్ళు పట్టుకుని లేచి, మూలకు వెళ్ళి, ఎవరికీ ఇవ్వకుండా ఏళ్ళ తరబడి దాచుకున్న టేకు పలకను ఈడ్చుకొచ్చాడు. దాన్ని బల్లమీద పెట్టి, రంపం చేతికి తీసుకున్నాడు. ఆ షెడ్డులో నలభై ఏళ్ళుగా గీత గీసింది ఆయనొక్కడే, మిగతావాళ్ళంతా ఆయన గీసిన చోట కోసినవాళ్ళే. ఇప్పుడు ఆయన పలక చివర, కోసేవాడు నిలబడే చోట నిలబడి, పెన్సిలు కూతురి వైపు చాచాడు.

"ఏడ గొయ్యాల్నో గీత వెట్టు, మేస్త్రీ."