పెన్సిలుతో రాసిన పల్స్

మా నర్సింగు కాలేజీలో పిల్లలు నన్ను నిమిషం మేడమ్ అంటారు. నా ముందు కాదు లెండి, నా వెనక. అననివ్వండి. పల్స్ పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసే పిల్లల్ని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ లెక్కలో అరవై ఎనిమిది వస్తుంది, డెబ్బై రెండు వస్తుంది, డెబ్బై ఆరు వస్తుంది. డెబ్బై మూడు మాత్రం చచ్చినా రాదు. చార్టు నిండా నాలుగో ఎక్కం అంకెలే కనిపిస్తే ఆ వార్డులో ఎవరూ నిండు నిమిషం నిలబడలేదని నాకు తెలిసిపోతుంది.

ఈ తిక్క నాకు పుట్టుకతో రాలేదు. నేను నర్సింగు రెండో సంవత్సరంలో ఉండగా, మా అత్త ఆడవాళ్ళ వార్డులో తొమ్మిదో మంచం మీద పడుకున్న రోజుల్లో వచ్చింది.

అత్త అంటే మా నాన్న అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఆవిడ టైలరు. ఒక కన్ను మిషను సూది మీద, ఒక కన్ను నా పుస్తకం మీద పెట్టి నన్ను చదివించింది. నా మొదటి యూనిఫాం కూడా తనే కుట్టింది. దారం రంగు విషయంలో ఆవిడని మోసం చెయ్యడం ఎవరి తరమూ కాదు. తెలుపులోనే నాలుగు రకాలున్నాయని ఆవిడ వాదన.

గుండె బలహీనపడి, కాళ్ళు వాచి, ఆయాసంతో ఆస్పత్రిలో చేరింది. రెండు మాత్రలు రాశారు. ఒకటి ఒంట్లో నీరు తీసేది. రెండోది డిగాక్సిన్. ఈ రెండోది గుండె గట్టిగా కొట్టుకునేలా చేస్తుంది, కానీ నెమ్మదిగా కొట్టుకునేలా చేస్తుంది. మేలు చేసే మోతాదుకీ కీడు చేసే మోతాదుకీ మధ్య సందు చాలా ఇరుకు. అందుకే అది వేసే ముందు స్టెత్ గుండె మీద పెట్టి నిండు నిమిషం వినాలి. అరవైకి తగ్గితే మాత్ర ఆపి డాక్టరుకి చెప్పాలి. పరీక్షలో ఈ ప్రశ్నకి నాకు పదికి పది మార్కులు వచ్చాయి.

వార్డులో మాత్రం పద్ధతి వేరు. రెండు గంటలకి మాత్రలు, రెండున్నరకి డాక్టరు రౌండు. ఆలోగా పద్దెనిమిది చార్టులు నిండాలి. సీనియర్లు నాకు మొదటి రోజే నేర్పారు: "చూడు, మనిషి మాట్లాడుతోందా? మాట్లాడుతోంది. అయితే డెబ్బై రెండు రాసెయ్." మా వార్డులో అందరి గుండె ఒకటే అని నవ్వుకునేవాళ్ళం. నేనూ నవ్వాను. సిగ్గులేకుండా అత్త చార్టులోనూ అదే రాశాను.

సోమవారం రెండు గంటలకి అత్త చార్టు తెరిస్తే ఆ రోజు గడిలో అప్పటికే ఒక అంకె ఉంది. సన్నగా, పెన్సిలుతో, యాభై ఏడు అని. ఎవరో సీనియరు నన్ను ఆట పట్టిస్తోందనుకున్నాను. చార్టులో మరక కనిపిస్తే హెడ్ సిస్టరు తోలు తీస్తుంది. జేబులోంచి రబ్బరు తీసి చెరిపేసి, పెన్నుతో డెబ్బై రెండు రాసి, అత్తకి మాత్ర వేశాను.

మంగళవారం యాభై ఒకటి ఉంది. చెరిపేశాను.

"ఏమే, నీకంటే ముందు వస్తుందే, ఆవిడెవరే?" అంది అత్త.

"ఎవరత్తా?"

"ఏమో మరి. నోరు విప్పదు. స్టెత్ అరచేతిలో పెట్టుకుని వెచ్చబెట్టి, అప్పుడు పెడుతుంది గుండె మీద. గడియారం కేసి చూస్తూ అలాగే నిలబడుతుంది. నువ్వూ ఉన్నావు, దేనికీ, గాలిలా వచ్చి గాలిలా పోతావు."

ఉక్రోషం వచ్చింది నాకు. "అంత తీరిగ్గా నిలబడేవాళ్ళు ఈ వార్డులో ఎవరూ లేరులే. కలగన్నావు" అన్నాను. పక్కన పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. తినబుద్ధి కావడం లేదంది. ఆస్పత్రి వాసనకి అలాగే ఉంటుందిలే అని నేనే సర్ది చెప్పాను.

బుధవారం నలభై ఏడు. అత్త పొద్దుట్నించీ రెండుసార్లు వాంతి చేసుకుంది. నన్ను చూసి కళ్ళు చికిలించింది.

"నీ తల చుట్టూ పసుపుపచ్చగా ఉందేంటే? దీపం చుట్టూ ఉన్నట్టు. అందరికీ ఉంది ఇవాళ. ఆవిడకి మాత్రం లేదు."

"ఎవరికి?"

"ఆ వచ్చేదే. చెవి మీద పెన్సిలు పెట్టుకుంటుంది. ఇవాళ దగ్గరగా చూశాను. ముక్కు మన ఇంటి ముక్కే. ఇంకోటి చెప్పనా? ఆవిడ కోటు జేబు చూశాను. మూల దగ్గర రెండు వరసల కుట్టు, మధ్యలో మడత. అది నా కుట్టే. నేనెప్పుడు కుట్టానే ఆ కోటు?"

అంతా విన్నాను. అయినా ఏం చేశాను? రబ్బరు తీశాను. నలభై ఏడు చెరిపేశాను. డెబ్బై రెండు రాశాను. ఇప్పటికీ ఆ చేతిని చూసుకుంటే నాకు అసహ్యం వేస్తుంది.

గురువారం నేను వెళ్ళేసరికి అత్త మంచం మీద కూర్చుని నా ఏప్రను అంచు కుడుతోంది. 

"తెల్ల దారం తెమ్మంటే పసుపుది తెచ్చావేంటే?" అని విసుక్కుంది.

ఉండ చేతిలోకి తీసుకున్నాను. తెల్లటి తెలుపు. ముందురోజు దుకాణంలో నేనే ఏరి తెచ్చాను. దారం రంగు ఎప్పుడూ పొరబడని మనిషి తెల్ల దారాన్ని పసుపు అంటోంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, పదికి పది వచ్చిన జవాబు. ఆకలి చచ్చిపోవడం, వాంతులు, చూపులో పసుపు, లేనివి కనబడటం. ఆ మాత్ర ఒంట్లో ఎక్కువైతే వచ్చేవన్నీ వరసగా వచ్చేశాయి, నేను డెబ్బై రెండులు రాసుకుంటూ కూర్చున్నాను.

చార్టు తెరిచాను. నలభై మూడు. ఈసారి ఎంత నొక్కి రాసిందంటే కాగితం కొద్దిగా చిరిగింది.

యాభై ఏడు, యాభై ఒకటి, నలభై ఏడు, నలభై మూడు. ఒక్కటీ నాలుగో ఎక్కంలో లేదు. ఎవరో రోజూ నిండు నిమిషం నిలబడ్డారు.

స్టెత్ పెట్టి గడియారం చూశాను. ఒక్కో చప్పుడికీ మధ్య ఎంత ఎడమంటే, ఇక రాదేమో అని ప్రతిసారీ ప్రాణం పోయినంత పనైంది. అరవై సెకన్లయ్యాయి. నలభై మూడు.

"మాత్ర వేశావా? డాక్టరుగారు వచ్చేస్తున్నారు" అంటూ వచ్చింది హెడ్ సిస్టరు.

"వెయ్యను సిస్టర్. పల్స్ నలభై మూడు."

"నిన్న డెబ్బై రెండు ఉంది కదా?"

"నిన్న అబద్ధం రాశాను. మొన్న కూడా. అన్నీ అబద్ధాలే సిస్టర్."

"అప్పుడే డాక్టరమ్మవైపోయావా? అవతలికి జరుగు" అని నా మెడలోంచి స్టెత్ లాక్కుని తనే పెట్టింది. పదిహేను సెకన్లకి మొహం మారింది. అయినా తియ్యలేదు. నిమిషం పూర్తయ్యాక నెమ్మదిగా, "నలభై మూడే" అంది. ఆ వెంటనే డాక్టరు కోసం పరిగెత్తింది. ఆ వయసులో, ఆ ఒంటితో అంత వేగంగా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

రెండు మాత్రలూ ఆపారు. నీటి మాత్ర నీటితో పాటు పొటాషియాన్ని కూడా బయటికి పంపేసింది. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ మరీ గట్టిగా కరుస్తుంది. డ్రిప్పులో నెమ్మదిగా పొటాషియం ఎక్కించారు, గుండె గీతల మిషను పెట్టి రెండు రోజులు కాపలా కాశారు. ఇంకొక్క మాత్ర పడి ఉంటే ఏమయ్యేదో తెలియదన్నాడు డాక్టరు. మూడో రోజు అత్త దారం ఉండ చేతిలోకి తీసుకుని, "ఇది తెలుపే కదే" అంది. మంచం పట్టె పట్టుకుని నేను ఏడ్చిన ఏడుపు వార్డంతా విన్నది.

లేనివి కనబడటం కూడా ఆ మాత్ర చేసే పనే అని నన్ను నేను సముదాయించుకున్నాను. మరి పెన్సిలు? ఆ మందు అత్త కళ్ళని మార్చగలదు. నా చార్టులో అంకెలు రాయలేదు.

అత్త ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికింది. నేను టీచరునయ్యానని తెలిసిన రోజు కూర్చుని నాకో తెల్లకోటు కుట్టింది. జేబు మూల దగ్గర రెండు వరసల కుట్టు, మధ్యలో మడత. నాకు తొడిగి, బల్ల మీద పెన్సిలు తీసి నా చెవి మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చాలాసేపు చూసింది.

"ఇంకాస్త జుట్టు నెరవాలి" అంది.

అత్త పోయి ఆరేళ్ళయింది. నా జుట్టు నెరిసింది. అదే కోటు వేసుకుని అదే వార్డుకి పిల్లల్ని తీసుకెళ్తున్నాను. మొన్న సోమవారం, రెండుకి పది నిమిషాల ముందు, ఒక్కదాన్నే తొమ్మిదో మంచం దగ్గరికి వెళ్ళాను. మంచం మీద మా అత్త ఉంది. నా వేపు వింతగా చూసింది. అత్తా అందామని నోరు తెరిచాను, గొంతులోంచి గాలి కూడా రాలేదు. స్టెత్ అరచేతిలో వెచ్చబెట్టుకుని గుండె మీద పెట్టాను. యాభై ఏడు. రాసి, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. బక్కపలచటి పిల్ల ఒకతి, అత్త కుట్టిన యూనిఫాం జేబులోంచి రబ్బరు తీస్తోంది.

మంగళవారం యాభై ఒకటి. నిన్న నలభై ఏడు. రోజూ ఆ పిల్ల చెరిపేస్తోంది. దాని చెంప పగలగొట్టాలని ఉంది నాకు, అరవాలని ఉంది. చెయ్యీ లేవదు, నోరూ లేవదు. నాకు మిగిలింది పెన్సిలు ఒక్కటే. అప్పుడు ఆ పిల్ల గురువారం లెక్కపెట్టింది, నిజమే. కానీ ఈసారి కూడా లెక్కపెడుతుందని నాకెవరు చెప్పారు?

ఇవాళ గురువారం. రెండుకి పన్నెండు నిమిషాలుంది. పెన్సిలు సన్నగా చెక్కుకున్నాను. కాగితం చిరిగినా సరే, గట్టిగా నొక్కి రాస్తాను.