సాక్సుల సొరుగు

ఉతికిన సాక్సులు జతలు కట్టి సొరుగులో పెట్టేటప్పుడు ట్వైలా చెయ్యి దానంతట అదే ఎడమపక్కకి ఒదిగేది. కుడిపక్క మొగుడి పిస్తోలు ఉండేది మరి. తూటాలు నింపి, తాళమన్నది లేకుండా పడుకుని ఉండేది. పన్నెండేళ్ళుగా డ్వేన్ సాక్సులూ, బనియన్లూ, చేతిరుమాళ్ళూ ఆ ఇనుము చుట్టూనే సర్దింది. అది మాత్రం ఒక్కనాడూ అంగుళం జరగలేదు. జరగాల్సినవన్నీ ఆమే జరిపింది.

"ఒక పెట్టె కొని తాళం వేద్దాం" అని ఎప్పుడైనా అంటే డ్వేన్ జవాబు నాలిక చివరే ఉండేది. "దొంగ తలుపు బద్దలుకొట్టుకొచ్చాక, 'కాస్త కూచో బాబూ, తాళంచెవి వెతుక్కుంటాను' అనమంటావా?" వాళ్ళ నాన్న వెర్లన్ తొడ చరుచుకుని నవ్వేవాడు. ఆనక తన పాట ఎత్తుకునేవాడు. "మా ఇంట్లో రివాల్వర్ తలగడ కిందే ఉండేది అమ్మాయ్. ఐదుగురు పిల్లల్ని పెంచాను. ఒక్కడికీ గీరుకుపోయింది లేదు. దాచడం కాదు, పెంచడం రావాలి." వెర్లన్ పెంచినవి వేటకుక్కలేనని ఊరందరికీ తెలుసు. పిల్లల్ని పెంచింది అత్త నెల్డా. ఆ పాట మొదలైనప్పుడల్లా ఆమె లేచి, ఇంకా తింటున్నవాళ్ళ ముందు నుంచి కూడా ప్లేట్లు తీసేసేది.

ట్వైలాకి తుపాకులంటే భయమేమీ లేదు. ఆర్కన్సా కొండల్లో, ఆ ఊళ్ళో, తుపాకీ లేని ఇల్లంటే పొయ్యి లేని ఇల్లు కిందే లెక్క. ఆమె మంట వేరు. పదో పెళ్ళిరోజుకి డ్వేన్ ఆమెకో రివాల్వర్ కానుకిచ్చాడు. తండ్రీ కొడుకులిద్దరూ వెళ్ళి తెచ్చారు. పట్టుకుని చూస్తావా అని ఆమెని అడిగిన పాపాన పోలేదు. అరచేతిలో ఇమిడేంత, గాజుల పెట్టె అంత తేలిక, పైగా గులాబీ రంగు. "ఆడదాని చేతికి ఆడదాని తుపాకీ" అన్నాడు వెర్లన్ గర్వంగా. పొలం వెనక మట్టిగట్టు మీద బీరు డబ్బాలు నిలబెట్టి కాల్చమన్నారు. బరువైన తుపాకీ పేలుడు తన్నును తనలోనే చాలావరకు మింగుకుంటుందనీ, తేలికది ఆ తన్నంతా మనిషి చేతికే ఇస్తుందనీ ఆ మొనగాళ్ళకి తెలియదు. తెలుసనుకున్నారు, అంతే. మొదటి గుండుకే అది ఎగిరొచ్చి ఆమె నుదురు చీల్చింది. రక్తం కంట్లోకి కారుతున్నా డ్వేన్ ఫోను దించలేదు.

ఆ వీడియో ఏటా థాంక్స్‌గివింగ్ పండక్కి, టర్కీ కోడి అయిపోయి గుమ్మడికాయ తీపివంటకం రాకముందు, టీవీలో పెట్టేవాళ్ళు. "మళ్ళీ వెయ్యి, మళ్ళీ వెయ్యి! ఆ మొహం చూడండర్రా!" ఆ మొహం అప్పుడు వంటింట్లో వాళ్ళ ఎంగిలి ప్లేట్లు కడుగుతూ ఉండేది.

నుదురు చీలిన మరుసటి నెలలోనే ఆమె ఊళ్ళోని దాణా కొట్లో పనికి కుదిరింది. ముందువైపు కోడిపిల్లలు, గుర్రాల దాణా, రబ్బరు బూట్లు. వెనక గాజు బీరువాలో తుపాకులు. ఆ బీరువా దగ్గరే నిలబడతానని యజమానిని అడిగి మరీ నిలబడింది. ఒక్కొక్కటీ విప్పింది, తుడిచింది, బిగించింది, కాల్చి చూసింది. అయినా వచ్చినవాడల్లా ఆమె భుజం మీదుగా వెనక్కి చూసేవాడు. "అమ్మడూ, మగాళ్ళెవరూ లేరా?"

"ఉన్నారండీ. బస్తాలు మోస్తున్నారు. బస్తా కావాలా?"

భార్యల్ని వెంటబెట్టుకొచ్చి గులాబీవి చూపించమనే మొగుళ్ళంటే ఆమెకి ప్రత్యేకమైన ప్రేమ. "చెప్పులైనా కాలికి వేసి చూడకుండా కొనరు కదండీ, ఆవిడ చేతికివ్వండి" అనేది. వేళ్ళు పిడిని పూర్తిగా చుట్టాయా, పిస్తోలు పైభాగాన్ని ఆవిడ సొంత బలంతో వెనక్కి లాగగలదా, ఆ బరువుకి మణికట్టు వణుకుతోందా, అన్నీ ఆవిణ్ణే అడిగేది. తర్వాత ఇద్దరినీ అడిగేది: "ఇంట్లో పిల్లలున్నారా? ఎక్కడ పెడతారు?" ఫ్రిజ్ మీద అనేవాళ్ళు, పరుపు కింద అనేవాళ్ళు, సొరుగులో అనేవాళ్ళు. చివర్న అందరిదీ ఒకటే మాట: "పిల్లలకి తెలీదులెండి." పిల్లలకి తెలియని చోటు ఇంట్లో ఉండదని, తాళం వేసిన ఉక్కుపెట్టె తప్ప వేరే దారి లేదని, తూటాలకి వేరే పెట్టె, వేరే తాళం ఉండాలని ఓపిగ్గా చెప్పి, పెట్టె కొనిపించి పంపేది. అంతా చెప్పి ఇంటికొచ్చి సాక్సులు ఎడమపక్కకి సర్దేది. ఆ సిగ్గు ఆమెకి రోజూ ఉండేది.

మార్చిలో ఒక మంగళవారం ఆమె బట్టలుతికే మరలోంచి తడిబట్టలు తీస్తోంది. వెనక నాలుగేళ్ళ కొడుకు కోడీ నిలబడ్డాడు. చేతిలో గులాబీ రివాల్వర్. ఏవగించుకుని తనే ఆ సొరుగు అడుగున పడేసి మరిచిపోయినది. వాడు గొట్టానికి కన్ను ఆనించి లోపలికి చూస్తున్నాడు.

"అమ్మా, ఇది అక్క బొమ్మా? లోపల ఏం కనపట్టంలేదు."

"నాన్నా, కదలొద్దు, అలాగే ఉండు" అంది ఆమె. అంత మెత్తటి గొంతు తనకుందని ఆమెకే తెలియదు. దగ్గరికెళ్ళి, గొట్టం పక్కకి తిప్పి, చేతిలోంచి తీసుకుంది. విప్పి చూస్తే ఐదు తూటాలు. ఐదూ రాల్చి జేబులో వేసుకుంది.

రాత్రి ఫోనులో విన్న డ్వేన్, వారమంతా లారీ తోలే మనిషి, నవ్వాడు. "చూశావా, తిన్నగా నీ దగ్గరికే తెచ్చాడు! పెంపకం అంటే అదీ." ఆ వెంటనే, "అయినా నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా, ఓ కన్నేసి ఉంచొద్దూ?" అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి అందరూ వెర్లన్ ఇంటికి భోజనానికెళ్ళారు. సంగతి విని వెర్లన్ మనవణ్ణి గాల్లోకి ఎగరేశాడు. "నా రక్తంరా వీడు! ఐదుగుర్ని పెంచాను..." నెల్డా ప్లేట్లు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ట్వైలా కూడా వెళ్ళింది.

"ఆరుగురు" అంది నెల్డా, కుళాయి కట్టేసి.

ట్వైలా ఆమె వైపు తిరిగింది.

"నాలుగోవాడు రాయిస్. మీ కోడీ ఈడే. పందొమ్మిదివందల డెబ్భైతొమ్మిది, నవంబరు తొమ్మిది. అప్పుడు మిస్సోరిలో ఉండేవాళ్ళం. నేను పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నా. ఆ పేలుడు తలగడ కింద తుపాకీదని వింటూనే తెలిసింది నాకు. పరిగెత్తి గుమ్మం దాటేసరికి నీ మామ ఎదురొచ్చి నాతో అన్న మొదటి మాటేంటో తెలుసా? 'నీ కళ్ళెక్కడ పెట్టుకున్నావే' అన్నాడు." నెల్డా చేతిలో తడిబట్టను నిదానంగా పిండింది. "ఏడాది తిరక్కుండా ఈ ఊరొచ్చేశాం. పెద్దపిల్లల నోళ్ళు మూయించాడు. డ్వేన్ ఇక్కడ పుట్టినోడు, వాడికసలు తెలీదు. అప్పట్నుంచీ ఐదుగురే. నా బిడ్డని నోటితో కూడా పూడ్చిపెట్టేశాడు."

అవతలి గదిలో వెర్లన్ నవ్వు వినిపిస్తోంది.

"మీ కొట్లో అంకెలు నొక్కితే తెరుచుకునే పెట్టెలుంటాయటగా. ఎన్ని అంకెలేంటి?"

"ఆరు."

"అయితే ఆ తేదీ పెట్టు" అంది నెల్డా.

డ్వేన్ ఊళ్ళో లేని గురువారం నాడు ట్వైలా సొంత జీతంతో కొన్న పెట్టెని ఇంటికి తెచ్చింది. పడకగది అల్మరాలో నేల చెక్కలు దాటి కింది దూలంలోకి బోల్టులు దిగేదాకా తనే డ్రిల్లు పట్టింది. కొట్లో తన చేతికి తను ఎంచి కొన్న బరువైన నల్ల పిస్తోలు ముందు పెట్టింది. దాని పక్కన మొగుడిది, ఆ వెనక గులాబీది. అన్నీ ఖాళీ చేసే పెట్టింది. తూటాల పెట్టె వేరు, దాని తాళంచెవి ఆమె మెళ్ళో గొలుసుకి. రాత్రి సొరుగు మధ్యలో సాక్సులు పరిచినప్పుడు ఎంత చోటుందో చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది.

శనివారం పొద్దున్న క్లబ్బులో గురిపోటీ. వెర్లన్ దంపతులు పికప్ ట్రక్కులో వచ్చారు. కోడీ, వాడి అక్కా బల్ల దగ్గర వేడి రొట్టెల మీద తెల్లటి గ్రేవీ పోసుకుని తింటున్నారు. లోపల్నుంచి డ్వేన్ కేక.

"ట్వైలా! నా పిస్తోలేదీ?"

"అల్మరాలో పెట్టె ఉంది చూడు."

ఆమె వెళ్ళేసరికి అతను మోకాళ్ళ మీద ఉన్నాడు. "నంబరెంత?"

"ఒక తేదీ."

తన పుట్టినరోజు నొక్కాడు. ఎర్రదీపం. పెళ్ళిరోజు నొక్కాడు, అదీ ఒక రోజు తేడాగా. బడి రోజుల్లో తన జట్టు కప్పు గెలిచిన రోజు కూడా నొక్కాడు. ఎర్రదీపం.

వెర్లన్ టోపీ సర్దుకుంటూ లోపలికొచ్చాడు. "ఏంట్రా ఆలస్యం? హవ్వ! మొగుణ్ణి మోకాళ్ళ మీద కూచోబెట్టావటమ్మాయ్! ఇదేనా దాణా కొట్లో నేర్పింది?"

"మీరు ప్రయత్నించండి వెర్లన్. మీకు తెలిసిన తేదీయే."

"నాకేం తెలుసు నీ తిక్క తేదీలు?"

"రాయిస్ తేదీ" అంది గుమ్మంలోంచి నెల్డా.

"రాయిసెవరు?" అన్నాడు డ్వేన్.

"నోర్ముయ్ నెల్డా."

"నలభై ఏళ్ళు పైనే మూసుకున్నా. నీ కొడుకు అడుగుతున్నాడు, చెప్పు. లేకపోతే నొక్కు."

వెర్లన్ కొడుకు మొహం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు. ఎవరూ పక్కకి తప్పుకోలేదు. అతని మోకాళ్ళు పటపటమంటూ వంగాయి. తడుముకుంటాడేమో అనుకుంది ట్వైలా. వేలు ఒక్క అంకె దగ్గరా ఆగలేదు. ముందు నెల: ఒకటి, ఒకటి. సున్నా, తొమ్మిది. ఏడు, తొమ్మిది. ఇన్నేళ్ళూ ఆ తేదీ ఆ వేలి చివరే ఉన్నట్టుంది.

పచ్చదీపం వెలిగి తలుపు తెరుచుకుంది. లోపలికి చెయ్యి పెట్టలేదతను. ట్వైలా వంగి, తలుపు నెట్టి మూసేసింది. సాయంత్రానికి ఆ అంకెలు మారిపోతాయి, కొత్తవి ఇక ఎవరికీ చెప్పదు. అది ముందే అనుకున్నదే.

"పిల్లలెంతమంది వెర్లన్?" అడిగింది నెల్డా.

అతను నేలవైపు చూస్తూ గొణిగాడు. "ఆరుగురు."

ట్వైలా జేబులోంచి ఫోను తీసి, అతని మొహం నిండుగా వచ్చేలా పట్టుకుంది.

"గట్టిగా చెప్పండి, మళ్ళీ ఒక్కసారి. థాంక్స్‌గివింగ్‌కి టీవీలో పెడతాను."