మేస్త్రికి కడుపునొప్పి

ఆయనకి కడుపునొప్పి, పడుకున్నాడు అని మేస్త్రి భార్య చెప్పేసింది. చెప్పాలని అనుకోలేదు. మాట దానంతట అదే వచ్చేసింది.

ఆశ్రయంలో రోజూ ఉదయం ఏడున్నరకి, తాగుడు మానుతున్నవాళ్ళూ వాళ్ళ ఇంటివాళ్ళూ కింద హాల్లో గుండ్రంగా కూర్చుంటారు. మానేసి ఎన్నో రోజో ఒక్కొక్కరూ చెబుతారు. ఆ రోజు మేస్త్రి లెక్క అరవై ఒకటి. కుర్చీ మాత్రం ఖాళీ. ఏం, రాలేదేం అని కౌన్సెలర్ మామూలుగానే అడిగాడు. తొమ్మిదేళ్ళ కాపురంలో కాంట్రాక్టర్లకీ, ఇంటి ఓనర్లకీ, బడి టీచర్లకీ చెప్పి చెప్పి ఆమె నోటికి అలవాటైపోయింది. జ్వరం, కడుపునొప్పి, చుట్టాలింట్లో చావు. ఈ మూడిటినీ మార్చి మార్చి వాడేది. ఒకే బాబాయిని రెండుసార్లు చంపి దొరికిపోయాక చావులు మాత్రం మానేసింది.

నిజానికి ఆమె లేచేసరికే మేస్త్రి పక్క ఖాళీ. చెప్పులు లేవు.

బస్టాండు షెడ్డులో నాలుగు నెలలుండి వచ్చిన కుటుంబం అది. పాత ఫర్నిచర్ గోడౌన్‌ని ప్లైవుడ్ గోడలతో పధ్నాలుగు గదులు చేస్తే, పైన తొమ్మిదో గది వీళ్ళకిచ్చారు. తలుపుకి లోపల గడియ ఉంది. వచ్చిన రోజు పాప దాన్ని వెయ్యడం, తియ్యడం, మళ్ళీ వెయ్యడం. భోజనానికి పిలిచినా దిగలేదు. మర్నాడు ఒకే మగ్గులో మూడు బ్రష్షులు నిలబడి ఉంటే మేస్త్రి భార్య వాటిని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని నవ్వుకుంది. మేస్త్రిది టైల్స్ పని. బాత్రూంలోకి మొదటిసారి వెళ్ళొచ్చి, "ఇవి వేసినవాడు నాకంటే ఎక్కువ తాగి ఉంటాడు" అంటే హాలంతా ఘొల్లుమంది. రెండు వారాలు మోకాళ్ళ మీద కూర్చుని అన్నీ ఊడదీసి తిన్నగా వేశాడు. చివరి టైలు పాప చేత పెట్టించాడు.

ఆశ్రయం నడిపే పెద్దక్క చేర్చుకున్నప్పుడే ఖండితంగా చెప్పింది. మళ్ళీ తాగి పడితే లేపుతాం. పడలేదని అబద్ధమాడితే గది ఖాళీ చెయ్యాలి, ఆడింది మొగుడైనా సరే, పెళ్ళామైనా సరే. పోయిన నెల మూడో గది డ్రైవరు కుటుంబం అలాగే మూటలు సర్దుకుంది.

ఇప్పుడు పెద్దక్క లేచి, గ్లాసులో ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పట్టుకుని, నేనే చూసొస్తాను పద అంది. మేస్త్రి భార్య వెనకే మెట్లెక్కింది. గది ఖాళీగా కనబడితే ఏమనాలో ఎక్కుతూనే సిద్ధం చేసుకుంది. బాత్రూంకి వెళ్ళుంటాడు అనాలి.

తొమ్మిదో గది గుమ్మంలో పాప కూర్చుని బొమ్మకి జడ వేస్తోంది. ఏడేళ్ళది. పెద్దక్కని చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది.

"నాన్నకి బాలేదు పెద్దక్కా. ఇప్పుడే పడుకున్నాడు. లేపకు."

తెరిచిన తలుపులోంచి మంచం కనబడింది. దుప్పటి కింద మేస్త్రి గోడవైపు తిరిగి, ఒక మోకాలు మడుచుకుని పడుకుని ఉన్నాడు. అమ్మయ్య, వచ్చేశాడు అనుకుంది ఆమె. గుండె తేలికపడి నవ్వు కూడా రాబోయింది. అంతలో దుప్పటి అంచున దిండు గలీబు చారలు కనిపించాయి. మూడు దిండ్లూ లోపలే ఉన్నాయి. మోకాలు ఉండాల్సిన చోట బడి సంచి. దుప్పటి తల మీదికంటా లాగి ఉంది, మేస్త్రి ఎప్పుడూ లాక్కున్నట్టే.

ఇది ఆమె నేర్పింది కాదు. చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

పెద్దక్క నమ్మేసింది. గ్లాసు గుమ్మం పక్కన పెట్టి, లేచాక తాగించమని పాపకి గుసగుసగా చెప్పి వెనక్కి తిరిగింది. అడుగు కూడా వేసింది. ఊరుకుంటే చాలు, గది దక్కినట్టే. పాప తల్లి వైపు చూసింది, పని పూర్తిచేసినవాళ్ళు చూసే చూపు.

"అక్కా, అవి దిండ్లు," అంది మేస్త్రి భార్య. "ఆయన లేడు. ఎక్కడున్నాడో నాకు తెలీదు."

ఆ చివరి మాట తొమ్మిదేళ్ళలో ఎవరితోనూ అనలేదు. పాప ఏడవలేదు. బొమ్మని తిరగేసి ఒళ్ళో పెట్టుకుని, తల్లిని పరాయిమనిషిని చూసినట్టు చూసింది.

పెద్దక్క వెనక్కి వచ్చింది. గుమ్మంలో పాప పక్కనే చతికిలబడి, మంచం వైపు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత, కింద అందరి ముందూ ఇదే మాట చెప్పాలనీ, గది సంగతి మిగతావన్నీ విన్నాక చూద్దామనీ అంది.

మేస్త్రి భార్య కిందికి దిగి చెప్పింది. కుర్చీ అంచు పట్టుకుని, నేలకేసి చూస్తూ చెప్పింది. ఎప్పుడూ నోరు మూయదని రేడియో అత్త అని పేరుపడ్డ ముసలావిడే మెల్లగా గొంతు విప్పింది. "మా ఆయనకి నేను ఆరుసార్లు మలేరియా తెప్పించానమ్మా. ఏడోసారికి డాక్టరే నా కాళ్ళ మీద పడ్డాడు." ఒకరిద్దరు నవ్వి, వెంటనే ఆపేశారు.

ఎనిమిదింబావుకి మేస్త్రి గేటు దగ్గర కనబడ్డాడు. తల తడిపి దువ్వుకున్నాడు. నోట్లో పిప్పరమెంటు బిళ్ళ. భార్యని కళ్ళతో పక్కకి పిలిచాడు.

"ఏం చెప్పావు?"

ఎప్పుడూ అదే అడుగుతాడు. ఆమె చెప్పిన రోగమే అతనూ చెప్పాలి కదా.

"నువ్వు గదిలో లేవని చెప్పాను. ఎక్కడికెళ్ళావో తెలీదని చెప్పాను."

ఇంకేమైనా ఉందేమోనని ఎదురుచూశాడు. లేదు. పిప్పరమెంటు బిళ్ళని అరచేతిలోకి ఉమ్మి, దాన్ని ఎక్కడ పారెయ్యాలో తెలియనట్టు అలాగే నిలబడిపోయాడు. ఆ తర్వాత హాల్లోకి వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. పని దొరుకుతుందేమోనని తెల్లారకముందే కూలీలు నిలబడే కూడలికి వెళ్ళాననీ, పాత జట్టు తగిలిందనీ చెప్పి, ఇవాళ నా లెక్క సున్నా అన్నాడు.

అబద్ధాన్ని ఆమె తనంతట తానే వెనక్కి తీసుకుంది కాబట్టి గది తల్లీకూతుళ్ళకి ఉంటుందని పెద్దక్క తేల్చింది. మేస్త్రి మాత్రం పెరటి అవతలి వైద్యం గదిలో పది రోజులుండాలి. ఈ మినహాయింపు ఒక్కసారే, రెండోది లేదు అంది.

మేస్త్రి బట్టల సంచి పట్టుకుని వస్తే పాప మెట్ల మీద కూర్చుని ఉంది, ముఖం గోడవైపు. అతను పాపకంటే రెండు మెట్లు కింద కూర్చున్నాడు.

"తాగాను అమ్మలూ."

"ఎంత?"

"రెండు గ్లాసులు."

పాప తల తిప్పి అతని ముఖంలోకి చూసింది. "రెండేనా?"

అతను మెట్ల కింద నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఆమె కదల్లేదు, ఒక్క మాటా అందించలేదు.

"నాలుగు," అన్నాడు.

పాప కాసేపు ఆలోచించింది. అతను కూర్చోడానికి కొంచెం పక్కకి జరిగింది.